దేవుని పొట్టేలు మెడలో మూడో తాళంచెవి

మా కంపెనీకి మూడు తాళంచెవులు. మొదటిది హిందూపురంలో మా మిత్రుడి బీరువాలో ఉంటుంది. రెండోది ధర్మవరంలో మా ఇంట్లో, పోపుల డబ్బా వెనకాల ఉంటుంది. మూడోది ఒక పొట్టేలు మెడలో ఉంటుంది. ఈ మూడోదాని చిరునామా నాకు రెండేళ్లుగా తెలుసు. మిత్రుడికి మాత్రం "సురక్షిత ప్రదేశంలో ఉంది" అని రాసి పంపాను. అది అబద్ధం కాదు. ఆ పొట్టేలు దగ్గరికి ఒకసారి పోయివచ్చినవాడు ఎవడూ దాన్ని అబద్ధం అనడు.

కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. హిందూపురంలో ఒక ఎరువుల అంగడి మీద గది, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఫ్యాను మిత్రుడి వైపు తిరిగి ఉంటుంది, ఎందుకంటే కంపెనీ పెట్టింది అతను. నేను వారానికి రెండు రోజులు రైలెక్కి పోయి ఆ ఫ్యాను చప్పుడు విని వస్తాను. మిగతా రోజులు ఇంట్లోనే కూర్చుని కోడు రాస్తాను. మేము చేసేది గొర్రెల రిజిస్టరు. ముదిగుబ్బ పక్క నలభై మంది కాపరుల మందల్లో ఏ చెవిబిళ్ల ఎవరి గొర్రెది, దానికి ఏ సూది ఎప్పుడు పడింది, ఎవరి మందలోంచి ఎవరి మందలోకి మారింది, అంతా బ్లాక్‌చెయిన్‌లో ఉంటుంది.

బ్లాక్‌చెయిన్ అంటే ఒక పుస్తకం. ప్రతి పేజీ మీదా దాని ముందు పేజీ ముద్ర ఉంటుంది, పుస్తకానికి నకళ్లు చాలా చోట్ల ఉంటాయి. ఒకడు తన దగ్గరున్న పేజీ చించి మార్చి రాసుకుంటే ముద్రలు కలవవు, వెంటనే దొరికిపోతాడు. పేజీ రాసినవాడు కింద సంతకం పెడతాడు. ఆ సంతకం చేతిరాత కాదు, ఒక రహస్య సంఖ్యతో చేసే లెక్క. ఆ రహస్య సంఖ్యే తాళంచెవి. సంతకం చూసి తాళంచెవిని కనుక్కోవాలంటే ఇప్పుడున్న కంప్యూటర్లకు యుగాలు పడుతుంది.

క్వాంటం కంప్యూటరు అనేది ఒకటి పెద్దదిగా తయారైతే అన్ని యుగాలు అక్కర్లేదట. అలాంటిది ఇంకా తయారుకాలేదు. అయినా మా రిజిస్టరును తమ సర్వర్లలో ఉంచుకుని నడిపిస్తున్న బెంగళూరు సంస్థవాళ్లకు ముందుచూపు ఎక్కువ. పాత తాళాలన్నీ శుక్రవారం సాయంత్రం ఆరింటికి చెల్లకుండా పోతాయని, ఆలోపు క్వాంటం కంప్యూటరుకు లొంగని కొత్త తాళాలకు మారాలని ఉత్తరం పంపారు. మారని రిజిస్టరు అక్కడికక్కడ గడ్డకట్టిపోతుంది. చదువుకోవచ్చు, కొత్తగా ఒక్క గొర్రెను కూడా రాయలేము.

నా వంతు పని నెల రోజుల ముందే మొదలుపెట్టాను. పాత సంతకం అరవై నాలుగు బైట్లు. కొత్తది రెండున్నర వేలకు కాస్త అటూ ఇటూ. పాతది బొటనవేలి ముద్ర అనుకుంటే, కొత్తది మనిషిని ఇంకులో ముంచి కాగితం మీద దొర్లించినట్టు. నేను సంతకానికి అరవై నాలుగు బైట్ల గడి కేటాయించిన చోటల్లా అది పట్టక బయటికి కారింది. అవన్నీ వెతికి సరిచేశాను. ఈ భాగం గురించి నాకు గర్వంగానే ఉంది, కాకపోతే అడిగినవాళ్లు ఎవరూ లేరు.

మిగిలింది ఒక్క పని. తన అధికారం ఫలానా కొత్త తాళంచెవికి ఇస్తున్నానని పాత తాళంచెవులు మూడూ వేటికవి సంతకం పెట్టాలి. రెండు చాలవు. ఈ నియమం పెట్టింది నేనే. రిజిస్టరు మొదలుపెట్టేటప్పుడు మిత్రుడు మూడింట్లో రెండు చాలన్నాడు. "అట్లయితే నువ్వూ నేనూ కలిసి కాపరులను ముంచచ్చు కదప్పా" అన్నాను. అతను ఆలోచనలో పడ్డాడు. నేను ఆలోచనలో పడకుండానే మూడు అని రాసేశాను. మూడో తాళంచెవి కాపరుల తరఫున మా మామకు ఇచ్చాము. మామ అంటే మా అమ్మ తమ్ముడు. నలభై మందినీ ఒప్పించింది ఆయనే. "ఇది పొయ్యేది కాదు. నా చేతిలో ఒక బీగంచెవి ఉంటాది" అని ప్రతి మంద దగ్గరికీ పోయి మాటిచ్చాడు. రిజిస్టరు గడ్డకడితే నాకు పోయేది ఉద్యోగం. ఆయనకు పోయేది నలభై చోట్ల ఇచ్చిన మాట. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది.

తాళంచెవి ఉన్నది పెన్‌డ్రైవు అంత పరికరంలో. చిన్న తెర, కింద అంకెల బటన్లు. నాలుగంకెల పిన్ను కొడితేనే తెరుచుకుంటుంది, అంకెలు తక్కువైతే ముందు సున్నాలు పెట్టుకోవచ్చు. వరసగా మూడుసార్లు తప్పు కొడితే లోపలున్నదంతా తనంతట తానే చెరిపేసుకుంటుంది. ఇచ్చిన రోజు మామకు అన్నీ చెప్పాను. "నువ్వు ఎప్పుటికీ మర్చిపోనిది, ఎవురికీ చెప్పనిది, అట్లాంటి నంబరు పెట్టుకో మామా." ఆయన కాసేపు మందవైపు చూశాడు. "అట్లాంటిది నా దగ్గర ఒకటే ఉండాది" అని పక్కకు తిరిగి కొట్టుకున్నాడు. ఇంజనీరింగు చదివినవాళ్లు కూడా పుట్టిన సంవత్సరం పెట్టుకునే లోకంలో మా మామకు ఉన్న జాగ్రత్త చూసి నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట ఖరీదు తర్వాత తెలిసింది.

దాన్ని పొట్టేలు మెడలో కట్టడం మాత్రం ఆయన సొంత ఆలోచన. దేవునికి మొక్కి వదిలిన పొట్టేలు అది. దాన్ని ఎవరూ అమ్మరు, కొట్టరు, దొంగలు కూడా ముట్టరు. మంద ముందు నడుస్తుంది, మెడలో గంట ఉంటుంది. ఆ గంట పక్కనే చిన్న తోలుసంచిలో, పాల కవరులో చుట్టి, మా కంపెనీ ఆస్తిలో మూడో వంతు.

గురువారం హిందూపురంలో రెండు సంతకాలు అయిపోయాయి. మిత్రుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మూడోది?"

"మా మామది. రేపు."

"ఈపొద్దే ఎందుకు కాదు?"

"మంద యాడుండాదో ఈపొద్దు తెలీదు."

"తాళంచెవి కదప్పా నేను అడిగింది. మంద ఎందుకు నాకు?"

అప్పుడు చెప్పక తప్పలేదు.  మిత్రుడు లేచి, ఫ్యానును నా వైపు తిప్పాడు. రెండేళ్లలో అదే మొదటిసారి. నన్ను చూస్తే చెమట పట్టినట్టు అనిపించిందేమో. నిజానికి పట్టింది అతనికి.

శుక్రవారం పొద్దున అమ్మ బొరుగుల ఉగ్గాని డబ్బాలో పెట్టి ఇచ్చింది. రెండు డబ్బాలు. రెండోది తన తమ్ముడికి. "వాని ఫోను ఎప్పుడూ ఆపేసే ఉంటాది, పెనుకొండ పక్క మేపుతాండారంట, పొయ్యి వెతుక్కో" అంది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేసింది. "రేయ్, గొర్లెన్ని అని మాత్రం వాన్ని అడగాకు. మంద లెక్క పైకి చెప్పరు. దిష్టి. పోయినసారి మీ నాయన అడిగి మూడు నెల్లు మాటల్లేకుండా పాయ."

నాకు గొర్రెల లెక్కతో పనేముంది అనుకుంటూ స్టేషనుకు పోయాను.

పెనుకొండలో దిగి టీ అంగడి దగ్గర విచారించాను. మెడలో గంటా, తోలుసంచీ ఉన్న పొట్టేలు కోసం లాప్‌టాపు బ్యాగుతో వెతుకుతున్నవాణ్ణి వాళ్లు అంతకుముందు చూసినట్టు లేదు. ఒక రైతు మాత్రం బండి ఆపాడు. "ముదిగుబ్బోళ్ల మందేనా? మా చేన్లోనే రెండు రాత్రులు నిలిపినాం ఎరువుకు. ఈపొద్దు కొండ కిందికి తోలుకొనిపాయ. ఏమబ్బా, బ్యాంకు నుంచా?"

"కాదన్నా. అల్లున్ని."

"అట్లయితే కూచ్చో" అని బండెక్కించుకున్నాడు. బ్యాంకు అని ఉంటే నడిపించేవాడు.

కోట కొండ నీడ ఇంకా కిందికి దిగని వేళకు మంద కనిపించింది. ఎండకు గొర్రెలన్నీ తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చి నిలబడి ఉన్నాయి. మామ గొంగడి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కుక్క. దేవుని పొట్టేలు అందరికన్నా ముందు, ఎత్తుగా ఉన్న చోట, మందకు తనే అధ్యక్షుడైనట్టు నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. రెండేళ్ల కిందట ఇదే పొట్టేలు నన్ను కంచెలోకి తోసింది. మా మధ్య ఆ పరిచయం ఉంది.

మామ డబ్బా మూత తీస్తుంటే విషయమంతా చెప్పాను. క్వాంటం కంప్యూటరు గురించి కూడా చెప్పాను.

"అది యాడుండాది ఇప్పుడు?"

"ఇంకా రాలేదు మామా."

"రానిదానికి ఇంత దూరం వచ్చినావా?"

"వచ్చినాక మార్చుకుంటే లాభం ల్యా కదా."

ఆయన ఒప్పుకున్నాడు. కాపరికి ఈ తర్కం కొత్త కాదు. తోడేలు కనపడకముందే ముళ్లకంచె వేసేవాళ్లు వాళ్లు. "అయితే సంతకం పెట్టు, పో" అన్నాడు. నేను పొట్టేలు మెడలో సంచి విప్పడానికి లేచాను. ఆయన చేతిలోని ఉగ్గాని కింద పెట్టేశాడు.

"ఇప్పగూడదు."

"ఏమి?"

"దేవుని పొట్టేలు మెడలో కట్టింది మొక్కు తీరేదాంక ఇప్పగూడదురా. తెలీదా నీకు?"

"మామా, అది నువ్వు కట్టింది. దేవుడు కట్టింది కాదు."

"కట్టేదాంక నాది. కట్టినాక దేవునిది."

అంత స్పష్టంగా అధికార బదిలీ చెప్పే వాక్యం నేను నా డిజైను కాగితాల్లో ఎక్కడా రాయలేకపోయాను. మొక్కు ఎప్పుడు తీరుతుందని అడిగాను. వచ్చే ఏడో ఆపై ఏడో అన్నాడు. చేతిలో ఉన్నది ఐదు గంటలు.

చివరికి రాజీ కుదిరింది. సంచి విప్పం, దాని మూతి మాత్రం వదులు చేస్తాం. పరికరం మెడలోనే ఉంటుంది. లాప్‌టాపే పొట్టేలు దగ్గరికి పోతుంది. మామ కొమ్ములు పట్టుకున్నాడు, నేను మోకాళ్ల మీద కూర్చుని కేబులు దూర్చాను. పాల కవరు తన పని తాను చేసింది. రెండు వానాకాలాలు గడిచినా తెర వెలిగింది. పొట్టేలు లాప్‌టాపును వాసన చూసి, ఒక మూలను నాకి, తినడానికి పనికిరాదని తేల్చుకుంది.

ఫోను మోగింది. మిత్రుడు. "ఏమైందప్పా?"

"కనెక్షను వచ్చినాది."

"దేనికి?"

"పొట్టేలుకు."

ఫోను పెట్టేశాడు.

మామ పిన్ను కొట్టాలి. "నువ్వు అట్ల తిరుగు" అన్నాడు. తిరిగాను. ఎడమచేత్తో కొమ్ము, కుడిచేతి బొటనవేలితో బటను. నాలుగో అంకె దగ్గర పొట్టేలు ఎందుకో తల విదిలించింది. గంట మోగింది. పరికరం కూడా చిన్నగా కూసింది. తప్పు. ఇంకా రెండు అవకాశాలు.

"ఈసారి నింపాదిగా మామా."

ఈసారి నింపాదిగానే కొట్టాడు. పొట్టేలు కదల్లేదు. గొర్రెలు కూడా కదల్లేదు. తప్పు.

ఇంకొక్క అవకాశమే మిగిలింది. మామకు మాత్రం కోపం వచ్చింది. "తప్పు అంటాండాదే ఇది? పొద్దున్నే కదరా ఎంచినా!"

"ఏమి ఎంచినావు?"

ఆయన నోరు మూసుకున్నాడు. నేను మందవైపు చూశాను. తర్వాత ఆయన్ను చూశాను. ఎప్పటికీ మర్చిపోనిది, ఎవరికీ చెప్పనిది, అలాంటిది తన దగ్గర ఒకటే ఉందని ఆయన అన్న మాట గుర్తొచ్చింది.

"మామా... నువ్వు పెట్టిన నంబరు గొర్లెన్నో అదేనా?"

"అడగాకు."

"అడగను. ఆపొద్దు ఎన్ని ఉండెనో అది కావల్ల దానికి. ఈపొద్దు ఉండేవి కాదు."

"మంద లెక్క ఒక చోట నిలబడతాదా యాడన్నా? ఈనుతాండాయి, చస్తాండాయి, అమ్ముతాండాం. అది తెలుసుకోదా నీ యంత్రం?"

తెలుసుకోదు. ప్రపంచంలో ఏ యంత్రమూ తెలుసుకోదు. ఆయన రెండేళ్లుగా దాన్ని మంద ముందరే కట్టి తిప్పుతున్నాడు మరి, చూసి నేర్చుకుని ఉంటుందని అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రిజిస్టరు! ఆ రోజు ఆయన మందలో ఎన్ని గొర్రెలకు చెవిబిళ్లలు వేశామో మొదటి పేజీలోనే ఉంది. చెరపలేని, చించలేని, లోకంలో ఎవరైనా చదువుకోగలిగే మొదటి పేజీ. మా మామ రహస్య సంఖ్యను నేనే అచ్చేసి ఊరందరికీ పంచానని కూడా అదే క్షణంలో అర్థమైంది. ఆ సంగతి మిత్రుడికి తర్వాత చెప్పుకోవచ్చు. లాప్‌టాపులో తెరిచి, అంకె మీద వేలు పెట్టి మామ ముందు పట్టుకున్నాను. పైకి చదవలేదు. అమ్మ మాట గుర్తుంది.

మామ చూశాడు. నవ్వాడు. ఎండలో, అవకాశం ఒకటే మిగిలి ఉండగా, హాయిగా నవ్వాడు.

"అది మీకు చెప్పిన లెక్కరా."

"అంటే?"

"అన్నీ రాయిపిస్తే దిష్టి తగలదా? కొన్నిటిని అవతల గుట్ట ఎనక నిలిపింటి ఆపొద్దు. సూదులు అన్నిటికీ ఏపించినాలే, భయపడాకు. రాయిపించింది కొన్నిటినే."

"నువ్వొకనివేనా? తక్కినోళ్లు?"

"నలభై మందీ అంతే. ఎవురు జెప్తారు అసలు లెక్క?"

చించడానికి వీల్లేని పుస్తకం రాశాను. పేజీకి పేజీకి ముద్రలు కలిపాను. రాబోయే కంప్యూటర్లకు కూడా లొంగకుండా నెల రోజులు కళ్లు కాయలు కాసేలా కూర్చున్నాను. అందులో మొదటి పేజీ మొదటి వరసే గుట్ట వెనకాల నిలబడి ఉంది. కాసేపు నేను కూడా గొంగడి మీద కూర్చున్నాను. కుక్క వచ్చి నా పక్కన కూర్చుంది. ఓదార్పు అనుకున్నాను గానీ, దాని చూపు ఉగ్గాని డబ్బా మీద ఉంది.

మూడున్నర అయింది. మామ కట్టె పక్కన పెట్టి, చిన్న గులకరాళ్లు ఏరుకొచ్చాడు. కళ్లు మూసుకుని మందను వెనక్కి నడిపించడం మొదలుపెట్టాడు.

"బొల్లిది పోయిన నెల్లో ఈనింది... తీసేయల్ల." ఒక రాయి ఎడమకు. "కుంటిదాన్ని ఓబులదేవరచెరువు సంతలో ఇచ్చేసినా... చేర్చల్ల." ఒక రాయి కుడికి. "రోడ్డు మీద లారీ కొట్టింది, నల్లచెవిది... ఆపొద్దు ఉండె. చేర్చల్ల. దాని పిల్ల... అది అప్పుటికి కడుపులో ఉండె. తీసేయల్ల."

నేను గుర్తుపట్టాను. మేము దీన్నే చేస్తాం. చివరి పేజీ నుంచి ఒక్కో పేజీ వెనక్కి తిప్పుతూ, రాసినదాన్ని రద్దు చేస్తూ, కావలసిన రోజుకు చేరడం. మాకు దానికి సర్వర్లు కావాలి. ఆయనకు గులకరాళ్లు కూడా మర్యాదకే పెట్టుకున్నట్టుంది. చచ్చిపోయిన ప్రతిదాని దగ్గరా ఒక క్షణం ఆగుతున్నాడు. అమ్మినదాని దగ్గర ఆగడం లేదు. వానల్లో పోయిన ఒక పిల్ల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగిపోయాడు. నేను గడియారం చూశాను. ఇలాంటప్పుడు గడియారం చూసినందుకు సిగ్గుపడాలి, పడ్డాను, పడి మళ్లీ చూశాను.

"రేయ్ అల్లుడూ, నువ్వు వచ్చినపొద్దు నిన్ను ఇది కంచెలోకి తోసె, అవునా?"

"అవును." మరిచిపోతానా.

"తోసినప్పుడు నువ్వు పోయి ఒక గొర్రె మీద పడితివి. అది సూడిదా?"

"నాకేం తెల్సు మామా? ముళ్లల్లో ఉంటి నేను."

"నువ్వు మీద పడినాక అది మూడు దినాలు మేత ముట్టలా. సూడిదే. అట్లయితే అప్పుటికి కడుపులో ఉండిన దాని పిల్లను తీసేయల్ల." ఇంకో రాయి ఎడమకు పోయింది. మొత్తానికి నేను కంచెలో పడటం కూడా రిజిస్టరులో ఒక ఆధారమైంది.

ఐదుంబావుకు ఆయన కళ్లు తెరిచాడు. "ఇంతే. ఇంగ మారదు." నన్ను తిరగమన్నాడు. నేను కొండవైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఒక్కో బటను చప్పుడు. గంట మోగలేదు. పొట్టేలు కూడా ఊపిరి బిగబట్టిందని రాస్తే బాగుంటుంది. అది నెమరు వేస్తోంది, నాకు వినిపిస్తోంది.

"పచ్చ దీపం వచ్చినాది, ఏమంటావు?"

 గట్టిగా ఏమైనా అంటే పొట్టేలు బెదురుతుంది. మిత్రుడికి ఒక్క మాట మెసేజి పెట్టాను. అతను దండం పెట్టే బొమ్మలు పదకొండు పంపాడు.

పని ఇంకా అయిపోలేదు. పాత తాళంచెవి అధికారం అప్పగించాలంటే, అప్పగించుకోవడానికి కొత్తది పుట్టి ఉండాలి. కొత్త పరికరం తీసి మామ చేతిలో పెట్టాను. దీనికీ పిన్ను కావాలి. పిన్ను పెడితే తాళంచెవి పుడుతుంది, పుట్టాక పాతది సంతకం పెడుతుంది, అంతా ఐదు నిమిషాల పని. ఇంకా అరగంట పైన ఉంది.

"ఈసారి వేరేది ఏదన్నా పెట్టుకో మామా. నీ పెండ్లి సంవత్సరం."

"అది మీ అత్తకు తెల్సు" అని లేచాడు. "ఈపొద్దు లెక్కే పెడతా. ఇంగ ఇదే అని గుర్తుపెట్టుకుంటా." కొత్త పరికరం పట్టుకుని బటను మీద వేలు పెట్టాడు. పెట్టి ఆగిపోయాడు. మంద చివర ఒక గొర్రె వేరుగా నిలబడి నేలను కాలితో గీరుతోంది.

"ఉండు" అన్నాడు.

"ఏమి ఉండు?"

"అది ఈనుతాండాది."

"ఈననీ మామా. నువ్వు నంబరు కొట్టు."

"ఎట్ల కొట్టేది? ఇప్పుడు కొడితే ఇంగ కొంచేపటికి తప్పయితాది. తప్పు లెక్క పెట్టి మళ్లీ రెండేండ్లు ఆ రాళ్లు ఏరుకోమంటావా?"

"ఆరింటికల్లా అయిపోవల్ల!"

"దానికి చెప్పు పో" అని గొర్రెవైపు చెయ్యి చూపాడు.

ఆ తర్వాతి అరగంట ఇలా గడిచింది. ఒక పక్క దేవుని పొట్టేలు, మెడలోంచి కేబులు, కేబులు చివర రాయి మీద లాప్‌టాపు, తెర మీద "కొత్త తాళంచెవి కోసం ఎదురుచూస్తున్నాము" అనే వాక్యం. ఆ వాక్యం రాసింది నేనే. ఇంకో పక్క మోకాళ్ల మీద మామ, గొర్రె నడుము నిమురుతూ. మధ్యలో నేను, ఏ పక్కకూ ఉపయోగపడకుండా. మిత్రుడు ఫోను చేశాడు.

"అయిందా?"

"ఇంకా ల్యా. తల కనపడతాండాది."

"ఎవురి తల?"

"తర్వాత చెప్తా."

ఆరుకు పదహారు నిమిషాలుండగా పిల్ల పడింది. మామ దాని ముక్కు తుడిచి, తల్లి ముందు పెట్టాడు. నేను కొత్త పరికరం చేతికిచ్చాను. తీసుకోలేదు. "ఇంగోటి ఉండాది" అన్నాడు. ఆరుకు పది నిమిషాలుండగా అదీ పడింది. అప్పటికి నా ఒళ్లు తెలియడం లేదు. నేను గట్టిగా, కొండకు వినపడేలా అరిచాను.

"రెండు మామా! రెండు!"

మామ నన్ను చూసిన చూపును ఇక్కడ వర్ణించను. కుక్క కూడా పక్కకు తప్పుకుంది.

"పైకి చెప్పగూడదని మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. మర్చిపోతి. తప్పయింది. కొట్టు మామా, తొమ్మిది నిమిషాలుండాది."

ఆయన పరికరాన్ని చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. లెక్కలో ఒక ముక్క బయటపడిపోయింది. ఆయన దృష్టిలో అది అసలు లెక్క అంతా బయటపడినట్టే. నేను నేల మీద కూర్చుండిపోయాను. చివరికి ఆయన చుట్టూ చూసి, కుక్క దగ్గర చూపు ఆపాడు.

"సరే. దీన్నిగూడా కలుపుతా" అన్నాడు.

మా వృత్తిలో దీనికి పేరుంది. రహస్యానికి ఇంకో ముక్క కలిపి, సగం తెలిసినవాడికి కూడా మిగతాది దొరక్కుండా చేయడాన్ని ఉప్పు కలపడం అంటారు. దాని మీద పాఠాలు ఉన్నాయి. మా మామ కుక్కను కలిపాడు. నేను మళ్లీ కొండవైపు తిరిగాను. నాలుగు చప్పుళ్లు. తాళంచెవి పుట్టింది. పాత పరికరం తెర మీద ప్రశ్న వచ్చింది, మామ బటను నొక్కాడు, అప్పగింత జరిగింది. ఆరుకు నాలుగు నిమిషాలు.

కొత్త పరికరాన్ని కూడా పాల కవరులో చుట్టి, అదే సంచిలో, పాతదాని పక్కనే పెట్టి మూతి బిగించాడు. పాతది ఇక పనికిరాదు కదా, తీసేద్దామని అన్నాను. "కట్టింది ఇప్పగూడదు" అన్నాడు. సరే. దేవుని పొట్టేలు ఇప్పుడు రెండు తాళంచెవులు మోస్తోంది, ఒకటి చెల్లనిది. కేబులు పీకి లాప్‌టాపు మూస్తుంటే, బాకీ ఏదో మిగిలిపోయినట్టు అది నన్ను వెనక నుంచి ఒక్కటి పొడిచింది. ఈసారి కంచె లేదు. మెత్తగానే పడ్డాను.

మిత్రుడు బెంగళూరుకు పంపిన నివేదికలో ఒక వాక్యం చూపించాడు. "మూడవ తాళంచెవి ధారకుడు, పరిస్థితి పూర్తిగా స్థిరపడినట్టు స్వయంగా ధ్రువీకరించుకున్న తర్వాతే ముందుకు సాగారు." వాళ్లు మెచ్చుకుంటూ జవాబు రాశారట. గుట్ట వెనక నిలబడిన గొర్రెల సంగతి అందులో లేదు. నేను మిత్రుడికి కూడా ఇంకా చెప్పలేదు. సూదులు అన్నిటికీ పడ్డాయి, కాపరుల మాట నిలబడింది. నలభై మంది దిష్టి తగలకుండా కాపాడుకున్నదాన్ని నేను చించలేని పుస్తకంలోకి ఎక్కించి ఏం చేయాలో ఇప్పటికీ తేలలేదు. తేలేదాకా మొదటి పేజీ అలాగే ఉంటుంది. దాన్ని మార్చలేము కూడా. అది నేను చేసిన ఏర్పాటే.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. మామ. ఎవరి ఫోనో అడిగి తీసుకున్నట్టున్నాడు.

"అల్లుడా, కుక్క తప్పిపోయినాది."

"అయ్యో. ఎప్పుడు?"

"నిన్న పొద్దున. అది కాదు నేను అడిగేది. నంబరు మార్చల్లనా?"

"వద్దు మామా. ఆపొద్దు ఎంతో అదే. ఎప్పుటికీ అదే."

"ఆపొద్దు కుక్క ఉండె."

"ఉండె."

అవతల గంట మోగింది. పొట్టేలు దగ్గర్లోనే ఉన్నట్టుంది. 

"అయితే ఇది దొరక్కపోయినా, దాంట్లో మటుకు ఉంటాది."

"ఉంటాది మామా. ఎవురూ తీయలేరు."

"ఆ వచ్చే కంప్యూటరు గూడా?"

"అది గూడా."

"సరే" అని పెట్టేశాడు. ఆ పూట నా కోడు ముందుకు సాగలేదు. సాయంత్రం మళ్లీ అదే నంబరు నుంచి ఫోను. కుక్క వచ్చేసిందట. పక్క మందలో తిండి బాగుందని రెండు రోజులు ఉండివచ్చిందట. మధ్యాహ్నం నేను పడిన బాధంతా వెనక్కి తీసుకునే ఏర్పాటు మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.